బాపు కొట్టి చూసిన రెయిలింగు

ఈ ఆదివారం అక్క వాళ్ల ఇంట్లో ఐదుగురం ఉన్నాం. పొద్దున్నే కమాన్‌పూర్ అవతల మా ఊరి నుంచి బస్సులో వచ్చిన బాపు, అంటే మా నాన్న. మా అక్క తిరుమల. అక్క భర్త జగదీశ్వర్ బావ. పదకొండింటికి వచ్చి ముందు గదిలో కుర్చీ అంచున కూర్చున్న అమ్మణ్ణి గారు. వంటింటి గుమ్మం దగ్గర నేను, రమ. పేర్లన్నీ ముందే రాసిపెడుతున్నాను. రేపు వీళ్లలో ఎవరైనా "మాకేం తెలుసు" అంటే ఈ పేజీ తీసి ముఖం మీద పెట్టాలని ఉంది. నోటితో అనడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

అమ్మణ్ణి గారు వచ్చింది బాపు కోసం.

"అన్నయ్యగారూ, బాల్కనీకి రెయిలింగు పెట్టించాం. జగదీశ్వర్ బాగానే చేశాడు, కాదనను. అయినా మీరొక్కసారి వచ్చి కొట్టి చూసి, బాగుందని ఒక్క మాట అంటే నాకు నిశ్చింత. ఎల్లుండి నుంచి మేడ మీద ట్యూషను మొదలెడుతున్నా. ఇరవై ఆరు మంది పిల్లలు, అంతా ఐదో తరగతి లోపు వాళ్లే."

"ఎల్లుండి ఏంది చెల్లె, రేపే గద సోమవారం?" అన్నాడు బాపు.

"అయ్యో, నా మతి మండ! రేపే."

అందరూ నవ్వారు. బావ అందరికంటే పెద్దగా నవ్వాడు.

బావకు గోదావరిఖనిలో అల్యూమినియం దుకాణం ఉంది. ముందర దుకాణం, వెనక ఇల్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, సెలవుల్లో అక్కకు సాయంగా ఉందామని వచ్చాను. కానీ వంటింట్లో కంటే దుకాణంలోనే ఎక్కువ ఉన్నాను. అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. కటింగ్ మిషను చప్పుడులో మాట్లాడినా వినపడదు.

అల్యూమినియం నాకు నచ్చింది. వేడి చేసిన దిమ్మెను అచ్చులోంచి గట్టిగా తోస్తే, మురుకుల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు పొడుగ్గా వస్తుందట. అచ్చు ఏ ఆకారంలో ఉంటే కడ్డీ ఆ ఆకారం. డబ్బా లాగా, కాలువ లాగా, అద్దం కూర్చోవడానికి గాడితో సహా. వాటినే సెక్షన్లు అంటారు. ఉత్త అల్యూమినియం మెత్తన కాబట్టి కొంచెం మెగ్నీషియం, కొంచెం సిలికాన్ కలుపుతారు. గాలి తగలగానే దాని ఒంటి మీద కంటికి కనపడని పొర ఒకటి కట్టుకుంటుంది, ఇక తుప్పు రాదు. ఇనుముతో పోలిస్తే మూడో వంతు బరువు. అందుకే బస్సుల బాడీలకు, సోలార్ పలకల చుట్టూ ఫ్రేములకు, ఫ్యాక్టరీల్లో మిషన్ల చుట్టూ కంచెలకు, అన్నిటికీ అదే. మా దగ్గర బొగ్గు దుమ్ము, బూడిద పడీ పడీ ఇనుప గ్రిల్లు రెండేళ్లకే పొక్కులు లేస్తుంది. కాబట్టి ఇల్లు కట్టే ప్రతివాళ్లూ ఇప్పుడు బావ దుకాణానికే వస్తున్నారు.

కానీ అల్యూమినియానికి ఇనుమంత బిరుసు లేదు. బిరుసులోనూ మూడో వంతే. ఆ లోటు తీరాలంటే సెక్షను గోడ మందంగా ఉండాలి. బాల్కనీలో నిలబెట్టే కంబానికి రెండు మిల్లీమీటర్లు ఉండాలని బావే నాకు చెప్పాడు. దాన్ని దుకాణంలో రెండు ఎమ్ఎమ్ అంటారు. అమ్మణ్ణి గారికి రాసిచ్చిన కాగితంలో కూడా రెండు ఎమ్ఎమ్ అనే ఉంది. ఆ కాగితం రాసింది నేను. నా చేతిరాత బాగుంటుందని బావ నాతోనే రాయిస్తాడు.

ఆమె సరుకు దిగిన రోజు పన్నెండడుగుల కంబం సెక్షను ఒకటి జరపబోయాను. ఒంటి చేత్తో లేచొచ్చింది. తుక్కు ముక్కలు తూచే కాటా మీద పెట్టాను. రెండు కిలోలు కూడా లేదు. గోడకు వేలాడే చార్టులో ఆ కొలతకు, ఆ మందానికి మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఉండాలని ఉంది. కొస చూశాను. గోడ ఒక ఎమ్ఎమ్. నల్లటి కోటింగు మెరుస్తోంది, లోపల సగం గాలి.

నేను చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు.

"బావా, ఇది రెండు ఎమ్ఎమ్ కాదు."

"అబ్బో! తిరుమలా, ఇగో ఇటు రా! నీ చెల్లె నోరు తెరిచింది!"

"చార్టుల ఉన్న బరువుల సగమే ఉంది."

"చార్టు ఏందే? గోడకు అందంగ ఉంటదని ఏలాడదీసిన. ఫిట్టింగ్ అయినంక లోపల ఎంత మందమున్నదో ఎవ్వడు చూస్తడు? రెయిలింగును దవాఖానకు తోల్కపోయి ఎక్స్‌రే తీపిస్తరా?"

సాయంత్రం అక్కకు చెప్పాను. అక్క చపాతీ పిండి పిసుకుతూ తల ఎత్తలేదు. "నువ్వు రెండు నెలలుండి పోతవ్. నేను ఈడ బతకాలె. నీ చదువు నీ దగ్గర పెట్టుకో" అంది.

అంతే. ఆ వారం కంబాలు ఎక్కాయి, మూలల్లో మరలు బిగిశాయి, పైన చేతిపట్టీ వచ్చింది. నేను రోజూ డైరీ రాసుకుని పడుకున్నాను. ఇప్పుడు ఆ పేజీలు చూస్తే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

బాపు సంగతి చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు భూమి లోపల పనిచేశాడు. బొగ్గు గనిని మేం బాయి అంటాం. పైకప్పు కూలకుండా కింద దిమ్మెలు, కంబాలు నిలబెట్టడం ఆయన పని. నిలబెట్టే ముందు పైబండను గడ్డపారతో కొట్టి వినాలి. గట్టి బండ ఖణ్‌మంటుంది. పొర విడిచిన బండ డొల్లగా, తడిసిన డప్పులా పలుకుతుంది. మా బాపు చెవి అంటే మొత్తం షిఫ్టు నమ్మేది. అమ్మణ్ణి గారి భర్త శ్రీనివాసరావు గారు కోస్తా నుంచి వచ్చి అదే బాయిలో సర్దారుగా, అంటే షిఫ్టులో పనివాళ్ల మీద పర్యవేక్షకుడిగా, చేస్తున్నారు. ఒకసారి ఆయన టిఫిను డబ్బా తెరుస్తుంటే బాపు పైన కొట్టి విని, కాలరు పట్టి అవతలికి ఈడ్చాడు. డబ్బా ఉన్న చోట బండ పడింది. ఆ రోజు నుంచి అమ్మణ్ణి గారికి బాపు అన్నయ్య. రాఖీ పున్నానికి మా ఊరికి కూడా వస్తారు.

బాపు రిటైరై ఏడాదిన్నర. ఈ ఏడాదిన్నరలో ఆయన చెవి కావాలని ఎవరూ అడగలేదు. అమ్మణ్ణి గారు అడగ్గానే ఆయన వెన్ను నిటారుగా అయింది. తువ్వాల భుజం మీద వేసుకున్న తీరే మారిపోయింది.

అందరం వెళ్లాం. రెండు వీధుల అవతలే ఇల్లు. మేడ మీద కొత్త సున్నం వాసన, గోడకు నల్లబల్ల, వరసగా చిన్న చాపలు. బాల్కనీ వీధి మీదికి ఉంది. కింద సిమెంటు రోడ్డు, మురికి కాలువ మీద బండలు. తల్లులు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఇరవై ఆరు మందీ ఆ పట్టీని పట్టుకుని వేలాడుతూ కేకలు వేస్తారు. చూడకుండానే చెప్పగలను, నేనూ బడికి వెళ్లినదాన్నే.

బాపు జేబులోంచి ఇంటి తాళం చెవి తీశాడు. అందరూ మాటలు ఆపేశారు. బాయిలో కూడా ఇలాగే ఆపుతారట. ఒక్కో కంబాన్నీ కొట్టాడు, చెవి దగ్గర పెట్టాడు, కళ్లు మూశాడు. ఖణ్. ఖణ్. ఖణ్. ప్రతిదీ గుడి గంటలా మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంత సక్కగ మోగిన రూఫు నేను బాయిల గూడ ఇనలే. మస్తుగున్నది చెల్లె. ఫికర్ జెయ్యకు."

"మామ చెవి గాదు, మిషిను!" అన్నాడు బావ.

బాయిలో రివాజు ఒకటి ఉంది. రూఫు కొట్టి బాగుందన్నవాడే మొదట దాని కింద నిలబడాలి. బాపు ఆ రివాజు తప్పలేదు. రెయిలింగుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆనుకున్నది గోడ పక్కన, కంబం గోడకు కలిసే మూల. పైగా యాభై కిలోల మనిషి, మెల్లగా ఆనుకున్నాడు. ఏమవుతుంది, ఏమీ కాదు. అమ్మణ్ణి గారు రెండు చేతులూ జోడించారు. నేను నోరు తెరవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోర్లు దిగాయి.

మోగడానికీ బలానికీ సంబంధం లేదు. బండలో పొర విడిచిందో లేదో చెవి చెబుతుంది. ఇక్కడ పగులు లేదు, పొర లేదు. ఉన్నది పలచదనం. పలచని గొట్టం ఇంకా బాగా మోగుతుంది. పళ్లెం మోగినట్టు రోలు మోగుతుందా?

ఇంటికొచ్చాక తిన్నాం. బావ కోడి కూర తెప్పించాడు. చేయి కడుక్కుంటున్న బాపు దగ్గరికి వెళ్లి, "బాపూ, జర దుకాణంలకు రా" అన్నాను. జీవితంలో నేను ఆయన్ని ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. అందుకే వచ్చాడేమో.

అడుగు పొడుగు ముక్కలు రెండు దారంతో వేలాడదీశాను. ఒకటి నిజంగా రెండు ఎమ్ఎమ్, పాత సరుకులో మిగిలింది. ఒకటి అమ్మణ్ణి గారి సరుకు.

"కండ్లు మూసుకో. ఏది గట్టిదో చెప్పు."

"ఏందే బిడ్డా, సర్కసా?" అని నవ్వుతూనే మూసుకున్నాడు. నేను మొదటిది కొట్టాను, రెండోది కొట్టాను. మళ్లీ కొట్టమన్నాడు. కొట్టాను.

"రెండోది. ఇంక అడుగుడేంది, ఎంతసేపు మోగుతున్నదో సూడు."

కళ్లు తెరవమని రెండు ముక్కల కొసలూ ఆయన ముందు పెట్టాను. రెండోది అమ్మణ్ణి గారి సరుకు. ఆయన వేలితో ఒక అంచు, ఇంకో అంచు తడిమాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, కానీ కళ్లల్లో లేదు.

నేను ఆగలేదు. ముక్కల్ని కదలకుండా పట్టే వైసు బెంచీకి ఉంటుంది. రెయిలింగు ఎత్తు ఎంతో అంతే, మూడున్నర అడుగుల ముక్కను అందులో నిలువుగా బిగించాను. మందమైనది ముందు. పై కొస పట్టుకుని నా బలమంతా పెట్టి పక్కకు లాగాను. నేను నలభై రెండు కిలోలుంటాను. అది కొంచెం వంగి, వదలగానే మళ్లీ నిటారుగా నిలబడింది. తర్వాత పలచనిది బిగించాను. లాగాను. అడుగున చటుక్కున నొక్కుకుపోయి, మోకాలు మడిచినట్టు మడత పడింది. వదిలినా లేవలేదు.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

బాపు ఆయన వైపు చూశాడు. "జగదీశ్వర్, ఆడ ఏసింది గిదేనా?"

"మామా, నేనొక్కన్నే గాదు, అందరు గిదే ఏస్తున్నరు. ఎక్కువ మందం రేటు ఇంటే గిరాకి భయపడి పోతది. వానకాలం పోయినంక పోయి మధ్యల రెండు సపోర్టులు కొట్టొస్త. ఎవ్వలికి ఎర్కగాదు."

"రేపు పిల్లలొస్తరు" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి! అన్నం పెట్టినోని కాళ్ల కింద గోతి తీస్తున్నవ్!"

నాకు బావ మీద ఆశ లేదు కాబట్టి ఆ తిట్టు తగల్లేదు. బాపు లేచి చెప్పులు వేసుకుంటాడని చూశాను. నేరుగా వెళ్లి "చెల్లె, తప్పయింది, పిల్లల్ని బాల్కనీలకు పోనియ్యకు" అంటాడని చూశాను. బాపు వంగిన ముక్కను వైసులోంచి తీసి నేల మీద పెట్టాడు.

"ముప్పై నాలుగేండ్లు నా మాట మీద మనుషులు రూఫు కిందికి పోయిండ్రు. ఇయ్యాల పోయి నా చెవి పనిచెయ్యలేదని చెప్పాల్నా?"

"అవు బాపూ. చెప్పాలె."

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తప్పు జెప్పలే."

"బండను తప్పు జెప్పలే. ఇది బండ గాదు."

"పోరీ!" చేయి లేచింది. పడలేదు. పడితే బాగుండేది, అప్పుడైనా ఏదో ఒకటి జరిగినట్టుండేది. ఆయన చేయి దించి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "సపోర్టులు జల్ది కొట్టు అల్లుడా" అన్నాడు. అల్లుడు సరేనన్నాడు. లోపల అక్క ఏడుస్తోంది. దుకాణం పోతుందని ఏడుస్తోంది, ఇంకెవరి కోసమో కాదు. ముగ్గురూ కలిసి సోమవారాన్ని వానాకాలం అవతలికి నెట్టేసి టీ పెట్టుకున్నారు.

బాయి రివాజు అంటారు కదా, కొట్టినవాడే కింద నిలబడాలని. రేపు ఆ పట్టీకి ఆనుకునేది బాపు కాదు.

నేల మీది ముక్క తీసుకుని బయటికి నడిచాను. ఎవరూ ఆపలేదు, నేనెక్కడికో వెళ్లగలనని వాళ్లకు తట్టి ఉండదు. మూడున్నర అడుగుల వంకర గొట్టం పట్టుకుని వీధిలో నడుస్తుంటే కిరాణా కొట్టు ముత్యం కాక, "ఏంది రమా, ఎవ్వని కాళ్లిరగ్గొట్టడానికి?" అన్నాడు. చెప్పాల్సిన మాటలు నోట్లో ఒకదాని వెనక ఒకటి పేర్చుకుని, చెదిరిపోకుండా నడుస్తున్నాను.

అమ్మణ్ణి గారు తలుపు తీసి, నా చేతిలో ఉన్నది చూసి, "ఏమ్మా, ఏదైనా మర్చిపోయారా?" అన్నారు. శ్రీనివాసరావు గారు సెకండ్ షిఫ్టుకు వెళ్లారట, ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

చెప్పాను. తడబడ్డాను, మధ్యలో ఆగాను, కానీ చెప్పాను. కాగితంలో రెండు ఎమ్ఎమ్, వేసింది ఒకటి. చార్టులో బరువు, కాటాలో బరువు. బాపు విన్న చప్పుడు ఎందుకు మోసం చేసిందో. నేను లాగితే ఈ ముక్క ఎలా మడత పడిందో. కంబాలు మార్చేదాకా పిల్లల్ని బాల్కనీలోకి పంపొద్దని, తలుపుకు తాళం వేసుకోమని.

ఆవిడ మడత పడిన చోట వేలు పెట్టి చూశారు. కోటింగు చిట్లి లోపల తెల్లగా మెరుస్తోంది. ఒక్క క్షణం ఆవిడ కళ్లు మేడమెట్ల వైపు వెళ్లాయి. నమ్మారనుకున్నాను.

"మీ బావతో ఏమైనా గొడవ పడ్డావా?" అన్నారు.

"లేదండీ."

"మీ అక్కతో?"

"లేదు. అత్తయ్యా, మీరు ఒక్కసారి పైకి వచ్చి, గోడ దగ్గర కాదు, నడిమి కంబం పట్టుకుని..."

"ఉండు, మీ నాన్నగారినే అడుగుదాం." ఫోను తీసి స్పీకరు పెట్టారు. మూడు రింగులకు బాపు ఎత్తాడు.

"అన్నయ్యగారూ, మీ చిన్నమ్మాయి ఇక్కడికొచ్చింది. ఏదో వంకర గొట్టం చూపించి, మాకు వేసింది ఇదేనంటోంది. ఏం చెయ్యమంటారు?"

వెనకాల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను ఫోను వైపు వంగి, "బాపూ, చెప్పు" అన్నాను. నా గొంతు ఆయనకు వినపడింది. నాకు తెలుసు, వినపడింది.

"అది తుక్కుల ముక్క చెల్లె" అన్నాడు బాపు. "మీకు ఏసింది గది గాదు. నేను కొట్టి ఇన్న గద? చిన్న పిల్ల, ఎండల తిరిగి ఏదో అంటున్నది. ఇంటికి తోలు."

ఫోను పెట్టేశారు. అమ్మణ్ణి గారి ముఖం గట్టిపడింది. కోపం కూడా కాదు, నన్ను చూసి జాలి పడుతున్నట్టుగా ఉంది. అది ఇంకా భరించలేకపోయాను.

"ఆయన చెవి లేకపోతే ఇవాళ నా మెడలో ఇది ఉండేది కాదు" అన్నారు పుస్తెలతాడు పట్టుకుని. "అలాంటి తండ్రి మాట అబద్ధమని ఊరంతా తిరుగుతావా? ఆడపిల్లవి, బుద్ధిగా చదువుకోవమ్మా."

"ఆయన అబద్ధం చెప్పాడు!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఎదురింటి సారవ్వ బియ్యం చాట పట్టుకుని వసారాలోకి వచ్చి చూసింది. "ఆయనకు తెలుసు! నా ముందే ముట్టుకుని చూశాడు! అత్తయ్యా, నన్ను తిట్టండి, కొట్టండి, రేపు ఒక్క రోజు పిల్లల్ని ఆ బాల్కనీలోకి..."

ఆవిడ ఆ ముక్కను నా చేతికిచ్చి, నన్ను భుజం పట్టి ఒక మెట్టు కిందికి దింపి, తలుపు వేసేశారు.